నలుగురి కొసరు

పడవ మీద కప్పిన తడి గోనెపట్టల కిందికి అరచెయ్యి దూర్చి చూసింది ఒడీల్. చల్లగా, గట్టిగా తగిలింది. పోసిన రోజు నుంచీ పూటపూటా ఆ పట్టల మీద నీళ్ళు చల్లింది తనే. సిమెంటు దాహం తీరకుండా ఎండితే పగుళ్ళిస్తుంది. ఆ సంగతి పుస్తకంలో అందరూ చదివారు. ఆదివారాలు కూడా నీళ్ళడబ్బా పట్టుకుని వచ్చింది మాత్రం ఒక్క మనిషే.

"సిద్ధం. ఇక తియ్యొచ్చు," అంది.

ఎర్ల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ ఎమ్మెస్ చదివే నలుగురు ఆ బుధవారం పొద్దున అచ్చు చుట్టూ నిలబడి ఉన్నారు. రెండేళ్ళకోసారి దేశంలోని సివిల్ విద్యార్థులంతా కాంక్రీటుతో పడవలు పోసి, చెరువులో తెడ్లేసి పందెం ఆడతారు. ఈ పడవకు అచ్చు గీసినవాడు త్యార్క్, తలుపులో వంగి నడిచేంత పొడుగు. తాపీ పట్టి కాంక్రీటు పూసినవాడు లాషా, జార్జియా నుంచి వచ్చినవాడు, ఎద్దు భుజాలు. గాజు వల పరిచి అంచు కట్టినవాడు హెన్నింగ్, జట్టుకు పెద్ద. అతని ఊరు ఉత్తరాన సముద్రం ఒడ్డున. కాంక్రీటు కలిపింది ఒడీల్. ఆమెది కామెరూన్‌లో బాఫుసామ్. తల్లి అక్కడి సంతలో వేరుశనగ, బీన్సు టోకున అమ్ముతుంది.

పందెం శనివారం. పడవ ఇంకా అచ్చును వదల్లేదు.

లాషా చెక్క మేకులు ఒక్కొక్కటే అంచు కింద దిగ్గొట్టాడు. త్యార్క్ గాలి గొట్టం పెట్టి ఊదాడు. ఏమీ కదల్లేదు.

"ఇది పడవ కాదురా, మా అత్తగారు. ఒకసారి ఇంట్లో కూర్చుంటే లేవదు," అన్నాడు లాషా.

"నీకు పెళ్ళే కాలేదు కదరా," అన్నాడు త్యార్క్.

"అందుకేగా కాలేదు."

ఒడీల్ అంచు వెంట నడుస్తూ, వేలి కణుపుతో కొడుతూ, చెవి పెట్టి వింది. ముక్కు దగ్గర బోలుగా మోగింది. నడుం దగ్గర మోగలేదు. "ఇక్కడ పట్టుకుంది. గాలి ఇక్కడ పెట్టు," అంది. త్యార్క్ గొట్టం మార్చాడు. లోపల ఎక్కడో పెద్ద సీసా మూత ఊడినట్టు టప్పుమంది. నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఎవరూ ఏమీ చెప్పుకోకుండానే చేతులు కిందికి పోనిచ్చి ఎత్తారు. పడవ లేచింది. తిరగేసి దూదిమెత్తల మీద పెట్టారు. లోపలి వైపు కోడిగుడ్డు పెంకులా నున్నగా, బూడిదరంగులో మెరిసింది. ఒక్క పగులు లేదు.

నలుగురూ వేలి కణుపులతో బల్ల మీద టకటకా కొట్టారు. ఆ ఊళ్ళో చప్పట్లు అవే. ఒడీల్ అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది. కణుపులు నొప్పెట్టినా ఆపబుద్ధి కాలేదు.

అప్పుడు తలుపు దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. నీలం గాలిచొక్కా, దాని మీద ఊళ్ళోని తెడ్ల క్లబ్బు గుర్తు, చేతిలో రేగిపండ్ల కేకు పళ్ళెం. ఆమెను ఆ గదిలో ఎవరూ ఇదివరకు చూడలేదు.

"స్వెన్యా. బీఎస్సీ మూడో ఏడాది," అన్నాడు హెన్నింగ్. "ముందు సీటు తనది. వెనక నేను."

గోనెపట్ట మడత పెడుతున్న ఒడీల్ చేతులు ఆగాయి. "ముందు సీటు ఎవరిదో ఎప్పుడు తేల్చారు?"

"పోయిన వారం పేర్లు పంపాం కదా."

"పంపాం అంటే ఎవరెవరు?"

హెన్నింగ్ చేతికంటిన పొడి దులుపుకున్నాడు. "నేనే పంపాను. నీకు ఈత బ్యాడ్జి లేదు కదా ఒడీల్. కంచు బ్యాడ్జి లేనివాళ్ళను నీళ్ళ మీదికి రానివ్వరు. నిబంధన అది, నేను రాసింది కాదు. అయినా ఒడ్డున బ్యాగుల దగ్గర ఒకరు ఉండాలి. నువ్వుంటే ఏదీ పోదు. నీ మీద మాకు అంత నమ్మకం."

నమ్మకం అన్న మాట ముందు పెట్టి అరువు సరుకు అడిగేవాళ్ళను ఒడీల్ తల్లి కొట్టు దగ్గర చాలామందిని చూసింది. వాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే బేరం పాడవుతుంది. ఒడీల్ లోపల లెక్క వేసుకుంది. ఇవాళ ఒడ్డున కూర్చోవడానికి ఒప్పుకుంటే రేపు ప్రాజెక్టులోనూ ఒడ్డే, ఎల్లుండి ఉద్యోగంలోనూ ఒడ్డే. బ్యాగులు బాగా కాస్తుందన్న పేరు ఒకసారి వస్తే చెరిగేది కాదు.

"బ్యాడ్జి ఉంటే?" అంది.

హెన్నింగ్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లల మాటకు నవ్వినట్టు. "ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం."

"శనివారం పొద్దున దాకా పేరు మార్చుకోవచ్చు," అన్నాడు లాషా కేకు నములుతూ. "నిబంధనలు నేనూ చదివాను, బాబూ."

ఒడీల్ పట్ట మడత పూర్తి చేసి అల్మరాలో పెట్టింది. చలికాలం నుంచీ తను వారానికి రెండుసార్లు మున్సిపాలిటీ ఈతకొలనుకు పోతోందనీ, పరీక్ష రేపేననీ జట్టులో ఎవరికీ చెప్పలేదు. తూకం వెయ్యని సరుకు ధర ముందుగా చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

గురువారం కొలను తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఫోను మోగింది. అవతల సంత రొద, మూటలు దించేవాళ్ళ కేకలు, వాటి పైన తల్లి గొంతు.

"చదువుకోడానికి పంపానా, నీళ్ళలో దూకడానికి పంపానా నిన్ను?"

"ఇదీ చదువేనమ్మా."

"పడవ ఎవరిది?"

"మా నలుగురిది."

"నలుగురిదైతే, రాత్రి నువ్వు చెప్పిన ఆ ఐదో మనిషి అందులో ఎందుకు కూర్చుంటోంది?"

"అదే కదా నేనూ అడుగుతున్నది."

"మీ నాన్న వైపు వాళ్ళలో ఒక్కరన్నా మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగారా? నా వైపు వాళ్ళసలు దిగనే లేదు. ఆగవయ్యా, ఆ మూట అక్కడ కాదు, ఇటు... సరే, వెళ్ళు. మునగకు. మునిగావో, నాతో మాట్లాడకు."

కొలను దగ్గర క్రాల్ మేడమ్ అప్పటికే రబ్బరు చెప్పులతో గట్టు మీద తిరుగుతోంది. అరవై దాటిన మనిషి. మెళ్ళో ఈల ఉంటుంది కానీ ఊదదు. చూపుతోనే పని జరుగుతుంది.

"నిద్ర పోయావా?"

"లేదండీ."

"మంచిది. నిద్రపోయి వచ్చినవాళ్ళు బద్ధకంగా ఈదుతారు. ఎక్కు."

ఒడీల్ గట్టు మీది దూకే పలక ఎక్కి నిలబడింది. కింద నీళ్ళు ఆకుపచ్చగా, అడుగున గీతలు వణుకుతూ కనిపించాయి. మొదటి నెల్లో ఈ పలక మీద నిలబడి, వెనక్కి తిరిగి నిచ్చెన దిగిపోయిన రోజులు గుర్తుకు రాకముందే దూకేసింది. నీళ్ళు చెవుల్లో ధనధనమన్నాయి. పైకి తేలగానే చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. దూరం ఈదడం ఆమెకు కష్టమనిపించలేదు. అది కాంక్రీటు కలిపినట్టే, తొందరపడకూడదు, ఆపకూడదు. గోడ తాకడం, తిరగడం, మళ్ళీ గోడ తాకడం. చివరి గోడ తాకేసరికి క్రాల్ మేడమ్ గడియారం చూసి తల ఊపింది.

"ఇక ఉంగరం."

చేతి గాజు కన్నా కాస్త పెద్ద రబ్బరు ఉంగరాన్ని కొలను లోతు వైపు విసిరింది. అది వంకర్లు తిరుగుతూ అడుక్కు పోయి పడుకుంది. రెండు నిలువుల లోతు కూడా కాదు. కానీ ఆ ఉంగరం దగ్గరే ఒడీల్ ఇప్పటికి నాలుగు వారాలుగా ఓడిపోతోంది.

మొదటిసారి సగం లోతులోనే చెవులు నొక్కుకుపోయి పైకి వచ్చేసింది. రెండోసారి వేళ్ళు ఉంగరానికి తగిలాయి, జారింది, ఊపిరి చాలలేదు. గట్టు పట్టుకుని దగ్గుతుంటే క్రాల్ మేడమ్ గొంతుక్కూచుని ఆమె మొహంలోకి చూసింది.

"ఇంకొక్కసారే ఇస్తాను. నిబంధన అంతవరకే. నువ్వు చేస్తున్న తప్పు చెప్పనా? దిగేముందు బుగ్గల నిండా గాలి దాచుకుంటున్నావ్. బూర కట్టుకుని మునగాలంటే ఎలా మునుగుతావమ్మా? సగం వదిలెయ్."

"వదిలేస్తే పైకి రావడానికి చాలొద్దా?"

"చాలుతుంది. ఎప్పుడూ చాలుతుంది. ఇవ్వాల్సింది ఇవ్వకుండా తెచ్చుకుందామంటే కుదరదు ఇక్కడ."

ఇది బేరం మాట. ఒడీల్‌కు అర్థమైంది. తల నీళ్ళ పైన ఉండగానే పెదాలు తెరిచి సగం గాలి వదిలేసింది. ఒళ్ళంతా వద్దంటున్నా వదిలింది. నడుం విరిచి కాళ్ళు పైకి లేపింది. ఈసారి నీళ్ళు నెట్టలేదు, లోపలికి రానిచ్చాయి. అడుగున పలకల గరుకు అరచేతికి తగిలింది. ఉంగరంలో రెండు వేళ్ళు దూర్చి మడిచింది.

పైకి వచ్చి ఉంగరాన్ని గట్టు మీద దబ్బున పెట్టింది. క్రాల్ మేడమ్ దాన్ని తీసి తువ్వాలుతో తుడిచి, కంచు రంగు దారంతో కుట్టిన గుండ్రటి గుడ్డ బ్యాడ్జి, సంతకం పెట్టిన కార్డు చేతిలో పెట్టింది. అప్పుడు ఈల నోట పెట్టుకుని ఒకేఒక్కసారి ఊదింది. ఖాళీ కొలను అంతా మారుమోగింది.

ఒడీల్ తడి జుట్టుతోనే సైకిలెక్కింది. బ్యాడ్జిని కోటుకు పిన్నీసుతో గుచ్చుకుంది. వంతెన దిగుతుంటే గాలికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి, నవ్వు ఆగలేదు. ఎదురొచ్చిన పోస్టుమనిషి ఆమె నవ్వు చూసి, ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వాడు.

ప్రయోగశాలలో హెన్నింగ్ కార్డును ముందూ వెనకా చూశాడు. "అభినందనలు. నిజంగా చెప్తున్నా."

"అయితే?"

"ఈత వేరు, తెడ్డు వేరు ఒడీల్. స్వెన్యా పదేళ్ళ వయసు నుంచి తెడ్డేస్తోంది. మనం గెలవడానికి వెళ్తున్నాం, సరదాకి కాదు."

"నిన్న నిబంధన అన్నావ్. ఇవాళ గెలుపంటున్నావ్. రేపు చెప్పేదేదో ఇవాళే చెప్పేస్తే అది కూడా తెచ్చుకుంటాను."

లాషా దగ్గు నటించి నవ్వు దాచుకున్నాడు. తెడ్లకు గుడ్డ చుడుతున్న స్వెన్యా తలెత్తింది.

"తను ఈ సీటు అడుగుతోందని నాకెవరూ చెప్పలేదే," అంది హెన్నింగ్‌తో. "ఎవరూ లేరు, రమ్మన్నావ్ నన్ను."

"తెడ్డెయ్యగలిగేవాళ్ళు ఎవరూ లేరన్నాను."

"అలా అనలేదు నువ్వు."

హెన్నింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "ముందు పడవ బండి ఎక్కించండి, తర్వాత చూద్దాం," అని మాట తప్పించాడు.

బండి ఎక్కించడానికి ప్రయోగశాల కప్పుకు ఉన్న క్రేను దించి, పడవ పొట్ట కింద రెండు పట్టీలు వేసి లేపారు. కొక్కేనికి తూకపు యంత్రం ఉంది. పడవ గాలిలో ఊగి ఆగింది. యంత్రం మీద అంకె నిలిచింది. తొంభై నాలుగు.

వాళ్ళు లెక్క వేసింది అరవై రెండుకు.

త్యార్క్ యంత్రం మీద చేత్తో తట్టాడు. దించి, ఖాళీగా సున్నా చూసి, మళ్ళీ లేపారు. తొంభై నాలుగు. ముప్ఫై రెండు కిలోలు ఎక్కడి నుంచో వచ్చి పడవలో కూర్చున్నాయి, టికెట్ లేని ప్రయాణికుడిలా.

త్యార్క్ గొంతు సవరించుకున్నాడు. "ఆ... గోడ మందం ఆరు మిల్లీమీటర్లు అనుకున్నాం కదా. నేను గీతలో ఏడు పెట్టాను. ముక్కు దగ్గర ఇంకాస్త. జాగ్రత్త కోసం." సుద్దముక్క తీసి నల్లబల్ల మీద గుణించాడు. "తొమ్మిది కిలోలు నావి."

"ఏడు అని గీశావా?" అన్నాడు లాషా. "నేను ఏడు చూసి ఎనిమిది పూశాను కదరా. తాపీ పట్టినవాడికి గీసినవాడి మీద నమ్మకం ఉంటుందా? ఏడు కిలోలు నావి రాసుకో."

ఇద్దరూ హెన్నింగ్ వైపు చూశారు. అతను కిటికీ వైపు చూశాడు. "గాజు వల రెండో పొర వేశాను. అంచు కూడా కొంచెం లావు చేశాను. ఢీ కొంటే విరగకుండా." వల, దాన్ని కప్పిన కాంక్రీటు, అంచు కలిపి పది తేలింది.

త్యార్క్ కూడాడు. ఇరవై ఆరు. ఇంకా ఆరు కిలోలకు యజమాని లేడు.

"నీ తాపీ అయి ఉంటుంది. సరిగ్గా గుర్తు తెచ్చుకో," అన్నాడు హెన్నింగ్ లాషాతో. లాషా భుజాలు ఎగరేశాడు. "అయి ఉండొచ్చు. మా ఇంట్లో రొట్టె మీద జున్ను కూడా ఇలాగే పూస్తాం."

ఆ ఆరు కిలోలు ఎక్కడివో ఒడీల్‌కు తెలుసు. తెలిసిన క్షణమే దాని ఖరీదు కూడా తెలిసింది. తన వాదనంతా నిలబడి ఉన్నది కాంక్రీటు కలిపింది తను, ఆ కలుపు తప్పు పోలేదు అన్న ఒక్క మాట మీద. ఊరుకుంటే ఆ మాట చెక్కు చెదరదు. లాషా ఎలాగూ ఒప్పుకుంటున్నాడు, అతనికి పొయ్యేదేమీ లేదు. కానీ వేరొకరి తూకంలోకి తోసిన సరుకు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు రెట్టింపై వస్తుంది.

"అవి నావి," అంది. "తేలిక కోసం వేసే గాజు గుళికలు కాస్త తగ్గించి, సిమెంటు ఒక దోసెడు ఎక్కువ వేశాను. ప్రతి కలుపుకూ."

"నువ్వా?" అన్నాడు త్యార్క్. "నువ్వు గ్రాము గ్రాము తూచేదానివి కదా."

"తూచిన తర్వాతే వేశాను. కొసరు. మా అమ్మ ఎవరికి కొలిచినా పైన ఒక గుప్పెడు వేస్తుంది. అలా చూసి చూసి నా చెయ్యి అలాగే పోయింది."

లాషా పడవ మెత్త మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "నలుగురు ఇంజనీర్లు. నలుగురికీ భయం. ఎవరి భయం వాళ్ళు చెప్పకుండా తెచ్చి పడవలో పోశారు." త్యార్క్ కూడా నవ్వాడు. స్వెన్యా ఒక్కర్తే పడవ చుట్టూ తిరుగుతూ, అంచు లావు వేళ్ళతో చూస్తూ ఉంది. హెన్నింగ్ నవ్వలేదు.

"అంటే కలుపు కూడా తప్పే. మరి సీటు ఏ హక్కుతో అడుగుతున్నట్టు?"

"నా ఆరూ నా ఖాతాలో వెయ్యి," అంది ఒడీల్. "నీ పదీ నీ ఖాతాలో వేసుకో. వేసుకున్నాక అడుగు."

హెన్నింగ్ పడవ అంచు వైపు చూశాడు. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది అందరికన్నా ముందు అతనికే తట్టింది. పందెంలోకి దించే ముందు, ఇద్దరూ కూర్చున్నాక పడవ అంచు నీళ్ళ పైన ఒక జాన ఎత్తున ఉండాలి. లేకపోతే పక్కకు తీసేస్తారు. ఈ బరువుతో అది చాలుతుందో లేదో నల్లబల్ల మీద త్యార్క్ మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ వేరే జవాబు వచ్చింది.

"నీళ్ళనే అడుగుదాం," అంది ఒడీల్.

శుక్రవారం సాయంత్రానికి బండి పందెం చెరువు ఒడ్డుకు చేరింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన జట్లు గుడారాలు వేసుకుని సాసేజీలు కాలుస్తున్నాయి. ఒక పడవకు మొసలి మొహం వేశారు, ఇంకొకదానికి గులాబీ రంగు పూశారు. పొగ, పాటలు, తడి గడ్డి వాసన. ఒడీల్ నడుస్తూనే ప్రతి పడవ అంచునూ చూపుతో తూచింది. గులాబీది పల్చన, మొసలిది వీళ్ళదానికన్నా మోటు. రేపు ఇదే నీళ్ళలో.

పై కొస నుంచి ఒక జాన దూరంలో ఎర్రగీత గీసిన పుల్లను లాషా పట్టుకుని మోకాలి లోతులో నిలబడ్డాడు. పడవను నీళ్ళలోకి దించారు. ఆ కాంక్రీటు అంతా గడ్డిపోచలా తేలినప్పుడు, ఎందుకు తేలుతుందో పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినవాళ్ళే నోళ్ళు తెరుచుకుని చూశారు.

ముందు స్వెన్యా, వెనక హెన్నింగ్ కూర్చున్నారు. లాషా పుల్ల ఆనించాడు. "రెండు వేళ్ళు తక్కువ."

హెన్నింగ్ దిగి బూట్లు విప్పాడు, కోటు విప్పాడు, జేబులోంచి తాళాలు, ఫోను, చిల్లర గడ్డి మీద పెట్టాడు. మళ్ళీ ఎక్కాడు.

"రెండు వేళ్ళే."

"ప్యాంటు కూడా విప్పేస్తావా?" అంది స్వెన్యా.

హెన్నింగ్ ఒడీల్ వైపు చూడకుండా అన్నాడు. "సరే. ఒడీల్, ముందు నువ్వు కూర్చో."

ఆమె ఎక్కింది. పడవ మోకాళ్ళ కింద చల్లగా, బతికున్నదానిలా అటూ ఇటూ ఊగింది. కూర్చోవాలనుకున్న చోట కూర్చుంది.

"ఒక వేలు తక్కువ," అన్నాడు లాషా.

లెక్క ఇక ఎవరికీ తెలియనిది కాదు. త్యార్క్ గాని, లాషా గాని కూర్చుంటే ఎర్రగీత ఇంకా లోతుకు మునుగుతుంది. పడవలో ఇద్దరున్నారు, అందులో ఒకరు మరొకరికి దాదాపు రెండింతలు. ఆ మాట ఒడీల్ నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆపేసింది. ధర చెప్పాక నోరు మూసుకోవడం తల్లి నేర్పలేదు, చూసి నేర్చుకున్నదే. ఆ నిశ్శబ్దాన్ని కొనేవాడికి వదిలెయ్యాలి.

"అంచు గీకితే?" అన్నాడు హెన్నింగ్.

"తెల్లారేదాకా గీకినా అర కిలో పోదు," అన్నాడు లాషా మెత్తగా. "వల బయటపడుతుంది, అంతే."

హెన్నింగ్ తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, చెరువు అవతలి గట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా కాలు బయట పెట్టి నడుం లోతు నీళ్ళలో దిగాడు. దిగీ దిగగానే పడవ లేచింది. "స్వెన్యా," అన్నాడు. "వెనక నువ్వు."

లాషా పుల్ల ఆనించాడు. ఎర్రగీత నీళ్ళ పైన మెరిసింది, కింద ఇంకా ఒక వేలు జాగా మిగిలి.

ఈసారి బల్ల లేదు, ఉన్నా ఎవరూ కొట్టేవాళ్ళు కారు. హెన్నింగ్ ఒడ్డెక్కి తడి కాళ్ళకే మేజోళ్ళు తొడుక్కోబోయాడు, అవి పాదం సగంలో చిక్కుకున్నాయి. త్యార్క్ ఒడీల్ పక్కకు వంగి గుసగుసలాడాడు. "పోయినసారి పందెంలో వాడిని తీసుకోలేదు తెలుసా. రోజంతా బ్యాగుల దగ్గరే కూర్చోబెట్టారు."

ఒడీల్ హెన్నింగ్ వీపు చూసింది. గెలిచిన బేరంలో అవతలివాడి నష్టం ఇంత దగ్గరగా కనపడటం ఆమెకు ఇదే మొదలు. అయినా సీటు వెనక్కి ఇవ్వాలనిపించలేదు. ఇస్తే పడవను పక్కకు తీసేస్తారు. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే దిగాడు.

"వెనక తిప్పేటప్పుడు తెడ్డు..." అని మొదలుపెట్టి ఆగాడు హెన్నింగ్. "నీకు తెలుసులే."

"తెలుసు," అంది స్వెన్యా. "ఈవిడకే తెలీదు. దా, వెలుగుండగానే."

చీకటిపడేదాకా చెరువులో ఆ చివరికీ ఈ చివరికీ తిప్పింది.

"అదేం తెడ్డెయ్యడం? చెంచాతో సూపు కలుపుతున్నావా?"

"కలపడమే కదా నా పని."

"ఆ ఉద్యోగం మానెయ్. గుచ్చు, లాగు, తియ్యి. నా మాట కాదు, నా తెడ్డు చప్పుడు విను."

ఒడీల్ విన్నది. గుచ్చినప్పుడొక చప్పుడు, తీసినప్పుడొక చప్పుడు. రెండూ కలిసిన చోట పడవ ముక్కు కింద నీళ్ళు చీలి, చిన్నగా నవ్వినట్టు వినిపించింది.

శనివారం న్యాయనిర్ణేత వచ్చి తన పుల్ల ఆనించాడు, తల ఊపాడు, పోయాడు. ఒడీల్ కోటు మీది బ్యాడ్జి ఆయన వేలితో తట్టి చూసి, "కొత్తదా?" అన్నాడు. "సరికొత్తది," అంది. ఒడ్డున వీళ్ళ బ్యాగులు ఎవరూ చూడలేదు, ఏదీ పోలేదు.

ఒక్కో వరుసలో ఎనిమిది పడవలు. ముందు వచ్చిన నాలుగింటికే రెండో వరుస పందెంలో చోటు. తూము గట్టు నుంచి బయల్దేరి, చెరువు మధ్య తేలే పసుపు డబ్బా చుట్టి వెనక్కి రావాలి. బయల్దేరే చోట ప్రతి పడవ తోకా పట్టుకుని ఒక మనిషి నీళ్ళలో నిలబడాలి, ఈల వినపడేదాకా కదలనివ్వకూడదు. వీళ్ళ పడవ తోక హెన్నింగ్ పట్టుకున్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అతని పెదాలు నీలం తిరిగాయి, అయినా పట్టు కదల్లేదు.

"ఎడమ వైపు మొసలి నేరుగా పోదు, మీ మీదికే వస్తుంది," అన్నాడు. "దాన్ని పోనివ్వండి ముందు. డబ్బా దగ్గర అది వెడల్పుగా తిరుగుతుంది. లోపలి వైపు సందు ఉంటుంది."

ఒడీల్ వెనక్కి తిరిగి చూసింది. "నిజమేనా, నన్ను నమ్మించడానికా?"

"నిన్న రాత్రి దాని అడుగు చూసొచ్చాను. వంకర పోశారు."

ఈల మోగింది.

అతని చెయ్యి వదిలిన సంగతి ఆమెకు పడవే చెప్పింది. పడవ ముందుకు దూకి, ఆమె మెడ వెనక్కి పోయింది. గుచ్చు, లాగు, తియ్యి. చుట్టూ నీళ్ళు ఉడుకుతున్నట్టున్నాయి. గులాబీ పడవ బాణంలా పోయింది. కుడి పక్కవాళ్ళ తెడ్డు వీళ్ళ తెడ్డుకు తగిలి ఠపీమంది, ఎవరో తిట్టారు, స్వెన్యా తిరిగి తిట్టింది. మొసలి నిజంగానే మీదికి వచ్చింది. "పోనీ," అంది స్వెన్యా, "పోనీ దాన్ని." పోనిచ్చారు. ఐదో స్థానం, కాదు, ఆరు. ఒడీల్ అరచేతుల్లో మంట. భుజాలు తనవి కానట్టున్నాయి. పసుపు డబ్బా పెద్దదవుతూ వచ్చింది.

మొసలి డబ్బా దగ్గర సోమరి గుర్రబ్బండిలా వెడల్పుగా తిరిగింది. లోపల పడవ పట్టేంత సందు. ఒక పడవ పట్టేంతే.

"కుడి ఆపు. ఎడమ, ఎడమ, ఎడమ."

వెనక స్వెన్యా తెడ్డు నీళ్ళలో గుంజలా పాతింది. ముందు ఒడీల్ ఒళ్ళంతా వేసి లాగింది. పడవ తన బరువు మీద తను గిర్రున తిరిగి, డబ్బాను ఒరుసుకుంటూ సందులోంచి బయటపడింది. మొసలిలోని కుర్రాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళ వెనక వస్తున్న పడవ వాళ్ళనే గుద్దుకుంది. ఒడీల్ నవ్వింది, నవ్వుతుంటే నీళ్ళు నోట్లోకి వచ్చాయి, ఉమ్మి మళ్ళీ గుచ్చింది. ఐదు. ముందు ఇంకొకటి, నీలం పడవ, దానిలో ముందున్నవాడు అలిసిపోయాడు, తెడ్డు సగం లోతుకే దిగుతోంది. ఆమె అతని తెడ్డునే చూసింది. అతను తీసినప్పుడు ఈమె గుచ్చింది, అతను గుచ్చేలోపు ఈమె తీసింది. ఒడ్డున లాషా ఏ భాషలోనో అరుస్తున్నాడు. పందెం ముగిసే చోట కట్టిన తాడు తల మీదుగా పోయింది.

గట్టు మీద లెక్కరాసే అమ్మాయి వేళ్ళు ఎత్తి చూపింది. నాలుగు.

స్వెన్యా ముందుకు వాలి ఒడీల్ వీపు మీద తల ఆనించి, "సూపు బాగానే కుదిరింది," అంది.

హెన్నింగ్ నీళ్ళు తోసుకుంటూ వచ్చి పడవ ముక్కు పట్టుకున్నాడు. వాళ్ళు దిగగానే పడవను వంచి అడుగున చేరిన నీళ్ళు పారబోశాడు. చుట్టూ చూశాడు, గుడ్డ దొరకలేదు. తన చొక్కా విప్పి ముందు సీటు తుడిచాడు, మూలలు కూడా తుడిచాడు, తర్వాత వెనక సీటు.

"అరగంటలో రెండో వరుస," అన్నాడు. ఒడీల్ చేతికి నీళ్ళసీసా ఇచ్చాడు. ఆమె గటగటా తాగుతుంటే కాసేపు చూసి సీసా పట్టుకుని ఆపాడు.

"చాలు."

"దాహంగా ఉందయ్యా."

"పందెం అయ్యాక తాగుదువుగాని," అన్నాడు. "బరువు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను నవ్వడం లేదు. తూచి చెప్తున్నాడు. ఒడీల్ సీసా మూత బిగించి అతని చేతిలో పెట్టి, పడవ వైపు నడిచింది.